ప్రాంతీయ మానవ హక్కుల పత్రం రాయించడానికి కన్సల్టెంట్‌ను పెట్టుకోవడం ఎలా?

"ఎవరైనా మంచి కన్సల్టెంట్ ఉంటే పేరు చెప్పండి." స్వచ్ఛంద సంస్థల్లో, హక్కుల వేదికల్లో పనిచేసే మిత్రులు నన్ను తరచూ అడిగేది ఇదే. నాలుగైదు దేశాల సంస్థలు కలిసి ఒక కూటమి కడతాయి. దక్షిణాసియా అంతటికీ పనికొచ్చే హక్కుల పత్రం ఒకటి ఉండాలని తీర్మానిస్తాయి. దాతల నుంచి కొంత డబ్బు వస్తుంది. ఆ మర్నాటి నుంచే పేరు కోసం వేట మొదలవుతుంది. పేరు దొరుకుతుంది, కొన్నాళ్లకు ముసాయిదా కూడా చేతికొస్తుంది, కానీ అది ఎవరికీ నచ్చదు. చాలాసార్లు తప్పు రాసినవారిది కాదు. ఏం కావాలో రాయించుకునేవారే తేల్చుకోలేదు. అందుకే ఈ వ్యాసంలో సగం, కన్సల్టెంట్ గడప తొక్కకముందు మీరు చేసుకోవాల్సిన పని గురించే ఉంటుంది.

నేపథ్యం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఐరోపాకు 1950లో, అమెరికా ఖండాలకు 1969లో, ఆఫ్రికాకు 1981లో ప్రాంతీయ మానవ హక్కుల ఒడంబడికలు వచ్చాయి. ఆసియా మొత్తానికి అలాంటిదేమీ లేదు. ఆగ్నేయాసియాలోని ఆసియాన్ కూటమి 2009లో ఒక కమిషన్‌ను, 2012లో ఒక ప్రకటనను తెచ్చుకుంది. దక్షిణాసియా దేశాల కూటమి అయిన మన సార్క్ దగ్గర 2002 నాటి రెండు ఒప్పందాలు (ఒకటి మహిళలు, పిల్లల అక్రమ రవాణాపై, మరొకటి బాలల సంక్షేమంపై), 2004 నాటి సామాజిక చార్టర్ ఉన్నాయి. ఫిర్యాదు చేసుకోవడానికి మాత్రం ప్రాంతీయ వేదిక లేదు. అందుకే కూటములు సొంతంగా పత్రాలు రాసుకునే పనికి దిగుతున్నాయి.

ఉదాహరణగా ఒకే విషయం పట్టుకుని నడుస్తాను: దక్షిణాసియా వలస కార్మికుల హక్కుల పత్రం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కూలీలు, కోనసీమ, కడప నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళలు మనకు తెలిసినవాళ్లే. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక నుంచి వెళ్లేవారి కష్టాలూ అవే. మీ విషయం దళిత హక్కులైనా, శరణార్థులైనా, వికలాంగుల హక్కులైనా అడుగులు పెద్దగా మారవు.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

• నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న చిన్న బృందం. ముగ్గురు నుంచి అయిదుగురు, కనీసం మూడు దేశాల వాళ్లు. కూటమిలోని ఇరవై సంస్థలూ ప్రతి మాటకూ తలూపాలంటే పని కదలదు.
• కన్సల్టెంట్‌తో మాట్లాడే ఒకే ఒక్క మనిషి. బృందం తరఫున ఏ సందేశమైనా ఆ మనిషి నుంచే వెళ్లాలి.
• బడ్జెట్. రుసుము ఒక్కటే కాదు, అనువాదం, సంప్రదింపుల సమావేశాలు, దుబాసీలు, ప్రయాణాలు కూడా అందులోనే ఉండాలి.
• ఒక ఫోల్డరులో మూల పత్రాలు: ఐరాస ఒడంబడికలు, సార్క్ పత్రాలు, ఆయా దేశాల వలస చట్టాలు, మీ కూటమి పాత తీర్మానాలు.
• మీ లెక్కలు చూసే ఆడిటర్ సలహా. దీన్ని చివరికి వదిలేసిన సంస్థలే ఎక్కువ ఇబ్బంది పడతాయి.
• ఓపిక. సంప్రదింపులతో కలిపి ఏడాదికి తక్కువ కాకుండా వేసుకోండి.

1. పత్రం ఏ రకమో, ఎవరు ఆమోదిస్తారో తేల్చుకోండి

ఇలాంటి హక్కుల పత్రాన్ని మన రంగంలో "ఫ్రేమ్‌వర్క్" అంటుంటారు. ఆ మాటకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉంటుంది. ప్రభుత్వాలు సంతకం చేసే ఒడంబడిక కావాలా? సంతకం అక్కర్లేని ప్రకటనా? ప్రతి దేశమూ తన శాసనసభలో పెట్టుకోదగిన నమూనా చట్టమా? లేక ప్రజా సంఘాలు తమంతట తాము ప్రకటించే ప్రజా చార్టరా? 1998లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జూలో విడుదలైన ఆసియా మానవ హక్కుల చార్టర్ ఈ చివరి రకం. దానిపై ఏ ప్రభుత్వమూ సంతకం పెట్టలేదు, పెట్టాలని ఎవరూ ఎదురుచూడనూ లేదు.

సార్క్ ఆమోదిస్తుందన్న ఆశతో మొదలుపెడితే ముందు సార్క్ చార్టర్ పదో అధికరణ చదవండి. అక్కడ ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవంగానే జరగాలి. ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకే రాకూడదు. పైగా 2014లో కాఠ్మాండూలో జరిగిన తర్వాత మళ్లీ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. దీన్ని పక్కన పెట్టి "సభ్య దేశాలు ఇందుమూలంగా అంగీకరించడమైనది" అని రాయించుకోవడం నేల విడిచి సాము చేయడమే.

అందుకని రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి. ఒకటి, ప్రజా చార్టర్‌గా రాసి, దాన్ని కొలబద్దగా పెట్టుకుని ఏటా ప్రభుత్వాల పనితీరును తూచడం. రెండు, జాతీయ మానవ హక్కుల కమిషన్లు, పార్లమెంటు సభ్యుల బృందాలు వాడుకునేలా నమూనా నిబంధనలు రాయించడం. నా మొగ్గు రెండోదానికే. ఒక్క దేశంలో ఒక్క నిబంధన చట్టంలోకి ఎక్కినా పత్రానికి ప్రాణం వస్తుంది.

2. గొడవ వచ్చే అంశాలపై మీ వైఖరి ముందే రాసుకోండి

ఇది కన్సల్టెంట్‌కు వదిలేయకూడని పని. ఆఫ్రికా అనుభవం చూడండి. 1979 చివర్లో సెనెగల్ న్యాయమూర్తి కెబా ఎంబాయె నాయకత్వంలో నిపుణులు డాకర్‌లో కూర్చుని ఆఫ్రికా చార్టర్ ముసాయిదా రాశారు. వాళ్లు కలం పట్టకముందే ఆ దేశాధ్యక్షుడు సెంఘోర్, ఇతర ఖండాల పత్రాలకు నకలు వద్దని, ఆఫ్రికా సంప్రదాయాలను, అవసరాలను చూసి రాయమని దిశ చెప్పారు. వ్యక్తుల హక్కులతో పాటు జన సముదాయాల హక్కులు, బాధ్యతలు ఆ చార్టర్‌లో ఉండటం వెనుక ఆ దిశ ఉంది. ఆ ఎంపిక మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఎంపిక చేసింది ఎవరన్నదే ఇక్కడ ముఖ్యం.

వలస కార్మికుల పత్రానికైతే కనీసం ఈ నాలుగింటిపై బృందం ఒక మాట మీదికి రావాలి.

మొదటిది, సరైన పత్రాలు లేని కార్మికులు ఇందులోకి వస్తారా? ఆసియాన్ దేశాలు 2007లో సెబూలో వలస కార్మికులపై ప్రకటన చేశాయి. దాన్ని ముందుకు తీసుకెళ్లే ఒప్పంద పత్రం 2017లో గానీ మనీలాలో వెలువడలేదు, అదీ చట్టబద్ధంగా కట్టిపడేసేది కాదు. పదేళ్లు నలిగిన చిక్కుల్లో ఇది ఒకటి.

రెండోది, కుటుంబ సభ్యుల హక్కులు. మూడోది, ఫిర్యాదు ఎవరికి చేయాలి, వాళ్లు ఎన్నాళ్లలో తేల్చాలి అన్నది. నాలుగోది అన్నింటికన్నా ప్రమాదకరం: "జాతీయ చట్టాలకు లోబడి" అనే మాటను అనుమతిస్తారా, లేదా? దీని సంగతి ముసాయిదాను పరీక్షించే చోట మళ్లీ చెబుతాను.

ఏకాభిప్రాయం రాకపోతే ఆ విషయమే రాయండి. "పత్రాలు లేనివారి విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి, కన్సల్టెంట్ ఆ అధికరణను రెండు రకాలుగానూ రాసి ఇవ్వాలి" అనడం నిజాయితీ గల సూచన. చెప్పకుండా దాచిపెడితే, ఆ గొడవ చివరి సమావేశంలో అందరి ముందూ బయటపడుతుంది.

3. టీఓఆర్ రాయండి

పని వివరాలు, గడువులు, ఇవ్వాల్సిన పత్రాలు ఉండే ఈ కాగితాన్ని మన రంగంలో అందరూ టీఓఆర్ (టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్) అనే అంటారు. మూడు నాలుగు పేజీలు చాలు. పాత ప్రాజెక్టు టీఓఆర్‌లో పేర్లు మార్చి పంపే అలవాటు మానుకోండి.

"కన్సల్టెంట్ భాగస్వాములతో విస్తృత సంప్రదింపులు జరిపి సమగ్ర ఫ్రేమ్‌వర్క్ రూపొందించాలి" అని ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ఇందులో ఏ ఒక్క మాటనూ కొలవలేరు. దీని బదులు ఇలా రాయండి: "నాలుగు దేశాల్లో, దేశానికి రెండు చొప్పున, తిరిగొచ్చిన కార్మికులతో బృంద చర్చలు జరపాలి. వాటిలో ఒకటి పూర్తిగా మహిళలతోనే జరగాలి. ముసాయిదా 25 పేజీలు దాటకూడదు. ప్రతి అధికరణకూ ఆధారం చూపే పట్టిక జతచేయాలి."

ఆ ఆధార పట్టికను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకండి. ఒక గడిలో మీ అధికరణ, పక్క గడిలో అది ఏ అంతర్జాతీయ ఒడంబడికలోని ఏ అధికరణ నుంచి వచ్చింది, మూడో గడిలో ఏయే దేశాలు ఆ ఒడంబడికలో చేరాయి, నాలుగో గడిలో ఆ దేశాల చట్టం ఇప్పుడు ఏమంటోంది. ముసాయిదా నచ్చకపోయినా ఈ పట్టిక మీ దగ్గర మిగులుతుంది. రేపు ఇంకొకరితో రాయించుకోవడానికి అదే పునాది.

టీఓఆర్‌లో మీరు చేసే పనులు కూడా రాయండి: ఎన్ని రోజుల్లో వ్యాఖ్యలు ఇస్తారు, సమావేశాలు ఎవరు ఏర్పాటు చేస్తారు, దుబాసీ ఖర్చు ఎవరిది. ఈ భాగం లేని టీఓఆర్ చూసి అనుభవం ఉన్నవాళ్లు దరఖాస్తే చేయరు.

4. డబ్బు లెక్క, చట్టం లెక్క

పనిదినాల లెక్కన బడ్జెట్ వేసుకోండి. ఉదాహరణకు చదవడానికి 8 రోజులు, సంప్రదింపులకు 12, మొదటి ముసాయిదాకు 12, వ్యాఖ్యలు కలపడానికి 8, తుది రూపానికి 5, మొత్తం 45. ఈ లెక్క మీకుంటే, ఎవరైనా 15 రోజుల్లో చేసిపెడతామంటే ఏం వదిలేయబోతున్నారో అడగగలుగుతారు.

చెల్లింపులు విడతలుగానే ఉండాలి, ప్రతి విడతా ఒక పత్రంతో ముడిపడాలి. ప్రారంభ నివేదికకు 15 శాతం, మొదటి ముసాయిదాకు 30, సంప్రదింపుల తర్వాతి ముసాయిదాకు 30, తుది పత్రానికి 25 అన్న విభజన బాగానే నడుస్తుంది. సగం డబ్బు ముందే ఇచ్చేస్తే ఆ తర్వాత ఫోన్లు మీరే చేయాల్సి ఉంటుంది.

భారత్‌లో విదేశీ నిధులతో నడిచే సంస్థలు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సంగతి చూసుకోవాలి. 2020 సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. కాబట్టి "మీ వాటా మీకు పంపేస్తాం, మీ దేశంలో మీరే పెట్టుకోండి" అని భాగస్వాములకు మాటివ్వకండి. సేవకు రుసుము చెల్లించడం వేరు, నిధి బదిలీ వేరు. మీ ఒప్పందం ఏ కోవలోకి వస్తుందో, కన్సల్టెంట్ రుసుము పాలనా ఖర్చు కింద పడుతుందో లేదో ఆడిటర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. స్వదేశీ కన్సల్టెంట్‌కు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను), విదేశీయుడైతే అందుకు వేరే నిబంధనలు, జీఎస్టీ ఉంటాయి. ప్రకటనలోనే "పన్నులతో కలిపి" అన్నారా, "పన్నులు అదనం" అన్నారా స్పష్టం చేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దు.

అనువాదం గురించి ఒక మాట. సింహళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, ఉర్దూ, హిందీ, తెలుగు అన్నింట్లోకీ తేవడం ఖరీదైన పనే. మొత్తం పత్రాన్ని తేలేకపోతే రెండు పేజీల సారాంశాన్నైనా సంప్రదింపులకు ముందే తెండి. సమావేశం జరిగాక అచ్చేసిన అనువాదం అలంకారానికే.

డబ్బు బాగా తక్కువుంటే? పూర్తి పత్రం జోలికి పోకుండా పది కనీస ప్రమాణాల జాబితా రాయించుకోండి. లేదా న్యాయ విశ్వవిద్యాలయంలో హక్కులు బోధించే అధ్యాపకులను, విద్యార్థులను ఆధార పట్టిక వరకు సాయం అడిగి, చివరి రాత పనికి మాత్రమే అనుభవజ్ఞుడిని పెట్టుకోండి.

5. ఎక్కడ వెతకాలి

ప్రకటన ఇవ్వండి, తెలిసినవారికీ పంపండి. రెండూ కావాలి. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఢిల్లీలో సార్క్ దేశాలు కలిసి స్థాపించిన దక్షిణాసియా విశ్వవిద్యాలయపు న్యాయ విభాగం, కాఠ్మాండూ స్కూల్ ఆఫ్ లా వంటి చోట్ల నోటీసు పెట్టించవచ్చు. మానవ హక్కుల కమిషన్లలో పనిచేసి బయటికొచ్చినవారు, కార్మిక శాఖల మాజీ అధికారులు కూడా అడగదగినవాళ్లే.

ఒక్కరినే పెట్టుకోవాలా, ఇద్దరినా? ఒక పెద్ద పేరు, ఆ పేరు వెనక పని చేసే ఇంకొకరు అన్న అమరిక అయితే, ఆ రెండోవారి పేరు ఒప్పందంలో ఉండాలి, ఇంటర్వ్యూకు రావాలి. నాకు నచ్చేది ఇద్దరి జట్టు: చట్ట భాష రాయగల ఒకరు, వలస కార్మికులతో ఏళ్లుగా మెలిగిన ఒకరు, వీలైతే వేర్వేరు దేశాల నుంచి. భారతీయుడు ఒక్కడే రాసిన "దక్షిణాసియా పత్రం" ఢాకాలోనో కొలంబోలోనో ఎలాంటి చూపులు ఎదుర్కొంటుందో చెప్పనక్కర్లేదు.

మొహమాటం దగ్గర జాగ్రత్త. మీ పాలక మండలి సభ్యుడి బంధువు, దాత సంస్థ మాజీ ఉద్యోగి, కూటమిలోని ఒక సంస్థ డైరెక్టర్ దరఖాస్తు చేస్తే ఆ సంబంధాన్ని రాతలో ప్రకటించాలి, సంబంధం ఉన్నవారు ఎంపికలో కూర్చోకూడదు.

6. దరఖాస్తుల వడపోత

నాలుగే అడగండి: రెండు పేజీల పని ప్రణాళిక, తానే రాసిన ఒక నమూనా, రుసుము అంచనా, ఇంతకుముందు తనతో పని చేయించుకున్న ఇద్దరు పరిచయస్తుల వివరాలు. ఇరవై పేజీల జీవిత చరిత్రలు మీ సమయం తినేస్తాయి. నమూనా ఉమ్మడి రచన అయితే ఏ భాగం తనదో అడగండి. దానికి తడుముకునేవారు కొందరు తప్పకుండా కనిపిస్తారు.

మార్కులు ముందే నిర్ణయించుకుని, ప్రతి సభ్యుడూ విడిగా వేయాలి. నేనైతే రాత పరీక్షకు (దీని గురించి తర్వాతి అడుగులో చెబుతాను) 35, పని ప్రణాళికకు 25, ఇలాంటి పని అనుభవానికి 20, ప్రాంతం, భాషల పరిచయానికి 10, రుసుముకు 10 ఇస్తాను. రుసుము కవరు చివరనే తెరవండి. తక్కువ ధర కంటబడ్డాక నాణ్యత మీద ఎవరికీ పట్టు ఉండదు.

7. ఇంటర్వ్యూ, చిన్న రాత పరీక్ష

చివరికి మిగిలిన ముగ్గురికి ఒక గంట పరీక్ష పెట్టండి. ఆ గంటకు డబ్బు కూడా ఇవ్వండి. ప్రశ్న ఇలా ఉండవచ్చు: "గల్ఫ్ దేశంలో యజమాని కార్మికుడి పాస్‌పోర్టు లాక్కున్నాడు. ఈ సమస్యపై మన పత్రంలో ఉండాల్సిన అధికరణ రాయండి."

బలహీనమైన జవాబు ఇలా ఉంటుంది: "వలస కార్మికుల గుర్తింపు పత్రాల భద్రతకు సభ్య దేశాలు తమ జాతీయ చట్టాలకు లోబడి తగిన చర్యలు తీసుకునేందుకు కృషి చేస్తాయి." పాము చావదు, కర్ర విరగదు.

పనికొచ్చే జవాబు ఇలా ఉంటుంది: "చట్టం ద్వారా అధికారం పొందిన ప్రభుత్వ అధికారి తప్ప మరెవరూ కార్మికుడి పాస్‌పోర్టును, ఇతర గుర్తింపు పత్రాలను స్వాధీనం చేసుకోకూడదు. పాస్‌పోర్టు కోల్పోయిన కార్మికుడు కోరితే స్వదేశపు రాయబార కార్యాలయం ప్రయాణ పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి, యజమాని సమ్మతి అడగకూడదు. ఆ యజమాని దగ్గరికి మనుషులను పంపిన రిక్రూటింగ్ ఏజెంటు లైసెన్సుపై స్వదేశంలో విచారణ జరపాలి."

తేడా గమనించండి. రెండో జవాబులోని మొదటి వాక్యం 1990 నాటి ఐరాస వలస కార్మికుల ఒడంబడికలోని 21వ అధికరణ సారం. అభ్యర్థికి మూలం తెలుసన్నమాట. రెండు, మూడు వాక్యాల్లో ఇంకా లోతైన విషయం ఉంది. యజమాని ఉన్న గల్ఫ్ దేశం దక్షిణాసియా పత్రం పరిధిలోనే లేదు. దాన్ని శాసించలేం. కాబట్టి బాధ్యతను పంపే దేశాల చేతుల్లో ఉన్నవాటి మీద పెట్టాలి: రాయబార కార్యాలయం, ఏజెంటు లైసెన్సు, వెళ్లేముందు శిక్షణ, బీమా. భారత్ వరకు చూస్తే ఏజెంట్ల నమోదు 1983 నాటి వలస చట్టం కింద జరుగుతుంది, పట్టు అక్కడుంది. ఈ మెళకువ పసిగట్టినవారినే పెట్టుకోండి, వారి ఇంగ్లీషు కాస్త మోటుగా ఉన్నా సరే.

ఇంటర్వ్యూలో తప్పక అడగాల్సింది ఇంకొకటి: "మీకు నచ్చని నిబంధన పెట్టమని మా బృందం అంటే ఏం చేస్తారు?" "మీ ఇష్టం, ఏది చెబితే అది రాస్తాను" అన్నవారూ వద్దు, "అది జరగని పని" అన్నవారూ వద్దు. అభ్యంతరాన్ని రాతలో నమోదు చేసి, మీరు చెప్పినట్టు రాస్తానన్నవారు కావాలి.

పరిచయస్తులకు ఫోన్ చేయండి. మెయిల్‌లో అందరూ పొగుడుతారు. "మళ్లీ పని ఇస్తారా?" అని అడిగాక వచ్చే ఆ కాసేపు మౌనమే చాలా చెబుతుంది.

8. ఒప్పందంలో ఉండాల్సినవి

హక్కుల సంస్థలు సాధారణంగా ఒప్పంద పత్రం మీద అశ్రద్ధ చూపిస్తాయి, "మనవాళ్లే కదా" అని. ఇవి మాత్రం తప్పక రాయండి:

• పత్రం కాపీరైట్ కూటమిదే. కన్సల్టెంట్ పేరు ఎక్కడ, ఎలా వేస్తారో ముందే చెప్పాలి.
• అనుమతి లేకుండా పనిని మరొకరికి అప్పగించకూడదు.
• కృత్రిమ మేధ పరికరాలు వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి, ప్రతి ఉల్లేఖననూ మూల పత్రంతో సరిచూసే పూచీ కన్సల్టెంట్‌దే. లేని అధికరణలను ఉన్నట్టు చూపే ముసాయిదాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి.
• కార్మికుల వాంగ్మూలాల్లో పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, యజమాని వివరాలు తీసేసి భద్రపరచాలి. ఇంకా గల్ఫ్‌లోనే ఉన్న మనిషి వాంగ్మూలం బయటికి పొక్కితే నష్టపోయేది ఆ మనిషి.
• గడువు తప్పితే ఏమవుతుంది, మధ్యలో ఆపేయాలంటే ఎన్నాళ్ల నోటీసు, అప్పటివరకు చేసిన పనికి ఎంత ఇస్తారు.

9. పని నడిపించడం

మొదటి రెండు మూడు వారాల్లో ప్రారంభ నివేదిక తీసుకోండి. అందులో పత్రం విషయసూచిక ఉండాలి. అది చూసే వివాదాలన్నీ పసిగట్టవచ్చు, అక్కడ మార్చడం తేలిక కూడా.

సమావేశం ఏ ఊళ్లో పెడతారన్నది కూడా ఆలోచించాల్సిందే. భారత్, పాకిస్థాన్ ప్రతినిధులు ఒకరి దేశానికి ఒకరు వీసా తెచ్చుకోవడం ఎంత కష్టమో తెలిసిందే. కాఠ్మాండూ, కొలంబో, కుదరకపోతే బ్యాంకాక్ చూసుకోండి. ఆన్‌లైన్ సమావేశం చవకే గానీ, తిరిగొచ్చిన ఇంటిపని కార్మికురాలు ఏజెంటు పేరు స్క్రీన్ మీద చెప్పదు. ఎదురుగా కూర్చున్నప్పుడైనా, పక్కన మగవాళ్లు లేనప్పుడే చెబుతుంది.

ముసాయిదాలను రహస్యంగా ఉంచాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఆసియాన్ ప్రకటన 2012లో వెలువడినప్పుడు ఎదుర్కొన్న ప్రధాన విమర్శల్లో ఒకటి, ముసాయిదాను ప్రజల ముందు పెట్టకుండా లోలోపల రాశారన్నది. ప్రభుత్వాల పని అది. హక్కుల కూటమికి ఆ అవసరమేముంది?

వ్యాఖ్యలను మాత్రం విడివిడిగా పంపకండి. పన్నెండు సంస్థలు పన్నెండు ఫైళ్లలో సవరణలు పంపితే, కన్సల్టెంట్ గట్టిగా అరిచినవారి మాట వింటారు. అన్నీ ఒకే పట్టికలో పెట్టండి: ఎవరు, ఏ అధికరణ, ఏం మార్చమన్నారు, బృందం ఏం తేల్చింది, ఎందుకు. ఒకదానికొకటి పొసగని వ్యాఖ్యలను మీ బృందమే పరిష్కరించి పంపాలి. ఇది మీ పని, వారిది కాదు.

10. ముసాయిదాను ఎలా పరీక్షించాలి?

న్యాయవాది కానక్కర్లేదు. ఈ పరీక్షలు ఎవరైనా చేయవచ్చు.

క్రియల పరీక్ష. "చేయాలి" అన్నవి ఎన్ని, "ప్రయత్నిస్తాయి", "ప్రోత్సహిస్తాయి", "కృషి చేస్తాయి" అన్నవి ఎన్ని, లెక్కపెట్టండి. రెండో రకమే ఎక్కువైతే అది శుభాకాంక్షల పత్రం.

వెనక్కి లాగే మాటల పరీక్ష. "చట్టానికి లోబడి", "జాతీయ పరిస్థితులను బట్టి" అన్న మాటలను ఫైల్లో వెతకండి. ఆఫ్రికా చార్టర్ పదో అధికరణ సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తూనే, చట్టానికి కట్టుబడితేనే అంటుంది. హక్కును ఆ చట్టమే కాజేస్తే ఏమిటి దారి అని అప్పటి నుంచీ విమర్శ ఉంది. ఆసియాన్ ప్రకటన ఏడో సూత్రం హక్కుల అమలును ప్రాంతీయ, జాతీయ పరిస్థితుల నేపథ్యంలో చూడాలంది, అదీ అంతే విమర్శకు గురైంది. పరిమితి నిజంగా అవసరమైన చోట, దేని కోసం, ఎంతవరకు, ఎవరు సమీక్షిస్తారు అన్నవి రాయించండి.

సభ్యత్వ పరీక్ష. "మన దేశాలన్నీ ఆమోదించిన" అన్న మాట కనబడితే ఆగండి. 1990 వలస కార్మికుల ఒడంబడికలో శ్రీలంక, బంగ్లాదేశ్ చేరాయి. భారత్, పాకిస్థాన్, నేపాల్ చేరలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979 నుంచి ఉంది, భూటాన్ లేదు. ఐరాస ఒడంబడికల వెబ్‌సైటులో ప్రతి దేశం స్థితి, అది పెట్టిన మినహాయింపులు ఉంటాయి. ఆధార పట్టికలో ఓ అయిదు వరుసలు మీకు తోచినవి తీసి అక్కడ సరిచూడండి. రెండు తప్పని తేలితే పట్టిక మొత్తం వెనక్కి పంపండి.

నిర్వచనాల పరీక్ష. సార్క్ 2002 అక్రమ రవాణా ఒప్పందం మహిళలను, పిల్లలను వ్యభిచారం కోసం తరలించడానికే పరిమితమైంది. వెట్టిచాకిరీ కోసం తరలించిన మగ కూలీ దాని కిందికి రాడు. మొదటి పేజీలోని నిర్వచనం ఎవరిని బయట నిలబెడుతోందో చూడండి: ఇంటిపని చేసేవారు, వీసా గడువు తీరినవారు, తిరిగొచ్చినవారు, అక్కడే చనిపోయినవారి కుటుంబాలు.

నకలు పరీక్ష. ఇంకో ప్రాంతం పత్రం నుంచి దించుకున్న పేరాల్లో ఆ ప్రాంతం ఆనవాళ్లు మిగులుతాయి. "ఆసియాన్ సభ్య దేశాలు" అన్న మాట దక్షిణాసియా ముసాయిదాలో నక్కి ఉండటం అరుదేమీ కాదు.

చివరిది జనం పరీక్ష. తెలుగు సారాంశం పట్టుకుని, గల్ఫ్ నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురి ముందు కూర్చోండి. "రెండు నెలల జీతం ఎగ్గొట్టారు. ఈ కాగితం ప్రకారం మీరు మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి?" అని అడగండి. చూపించలేకపోతే, లోపం వారి చదువులో వెతకకండి. ఫిర్యాదుల అధ్యాయాన్ని తిరగరాయించండి.

పని చెడితే

మొదటి ముసాయిదాయే బాగా లేకపోతే మర్యాద కోసం రెండోదాకా ఆగకండి. ఏ పరీక్షలో ఎక్కడ తప్పిందో రాసి, రెండు వారాల గడువివ్వండి. అప్పటికీ మారకపోతే ఒప్పందం ప్రకారం చేసిన పనికి చెల్లించి ఆపేయండి. ఆధార పట్టిక, చర్చల నివేదికలు చేతికొచ్చి ఉంటే సగం పని మిగిలినట్టే.

పని బాగా జరిగినా చివరి విడత డబ్బు ఇవ్వడానికి ముందు ఇవన్నీ చేతికి వచ్చాయో లేదో చూసుకోండి: దిద్దుకోవడానికి వీలైన ఫైలు (పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తీసుకోవద్దు), ఆధార పట్టిక, వ్యాఖ్యల పట్టిక, పేర్లు తీసేసిన చర్చల నివేదికలు, వాంగ్మూలాల అసలు ప్రతులను కన్సల్టెంట్ తన కంప్యూటర్ నుంచి చెరిపేసినట్టు రాతపూర్వక హామీ, బృందం తోసిపుచ్చిన అభ్యంతరాలను నమోదు చేసిన రెండు పేజీల నోటు. ఈ నోటును చాలామంది అడగరు. ఏడాది తర్వాత ఏదో ప్రభుత్వ కమిటీ ముందు కూర్చున్నప్పుడు అవతలివాళ్లు లేవనెత్తేవి దాదాపు ఆ అభ్యంతరాలే.